ఎర్తింగ్ షీట్ మీద చిమచిమలాడుతుంటే ముందు ఇంటి ఎర్త్ చూడండి

ముందు ఒక పని చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు. మీ అమ్మగారి మంచం మీది ఎర్తింగ్ షీట్ ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా బయటికి లాగేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఇవాళ రాత్రి ఆవిడను మామూలు దుప్పటి మీదే పడుకోమనండి.

మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మోకాళ్ల నొప్పులకు మంచిదని మీ తమ్ముడు డల్లాస్ నుంచి ఎర్తింగ్ షీట్ (తీగతో సాకెట్ ఎర్త్‌కు కలిపి, దాని మీద పడుకునే దుప్పటి) ఒకటి, కాళ్ల కింద వేసుకునే మ్యాట్ ఒకటి పంపాడు. వాటి అమెరికా ప్లగ్గులు మన సాకెట్లో పట్టవని, ఎలక్ట్రీషియన్ కోసేసి మన మూడు పిన్నుల ప్లగ్గులు బిగించాడు. షీట్ తీగ మంచం పక్కన ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంది. మ్యాట్ తీగ హాల్లో గోడ సాకెట్లో ఉంది. అమ్మగారు మంచం దిగుతూ నేల మీద కాలు మోపగానే పిక్కల్లో చీమలు పాకినట్టు అవుతోంది. పాప వచ్చి చెయ్యి నిమిరితే అమ్మమ్మ చెయ్యి గరగరలాడుతోందని చెప్పింది. ఆ సాకెట్ స్విచ్ ఆపినా తేడా లేదు. మీకేమో మ్యాట్ మీద కాళ్లు పెట్టుకుని పనిచేస్తుంటే లాప్‌టాప్ అంచుకు తగిలిన మణికట్టు దగ్గర జివ్వుమంటోంది. ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి, వెలగలేదు కాబట్టి ఎర్త్ బాగానే ఉందన్నాడు. షీట్‌తో వచ్చిన కాగితంలోనేమో మొదటి రోజుల్లో జిలజిలలాడితే శరీరం అలవాటు పడుతోందని అర్థమని రాసి ఉంది.

ఆ కాగితంలోని మాటను అస్సలు నమ్మకండి. నేను 27 ఏళ్లుగా ఇళ్ల వైరింగ్, ఎర్తింగ్ పనులే చేస్తున్నాను. ఎర్త్ సరిగ్గా ఉన్న షీట్ మీద పడుకుంటే మనిషికి ఏమీ తెలియకూడదు. షీట్, నేల, గోడ, మనిషి అన్నీ దాదాపు ఒకే వోల్టేజీలో ఉన్నప్పుడు కరెంటు పారడానికి కారణమే ఉండదు. తిమ్మిరి తెలుస్తోందంటే రెండు చోట్ల మధ్య వోల్టేజీ తేడా ఉంది, ఆ తేడాకు మీ అమ్మగారి ఒళ్లు దారి అవుతోంది. అలవాటు పడేదాకా ఓర్చుకోవాల్సిన విషయం కాదిది. పైన మందమైన దుప్పటి వేసుకుంటే తెలియకుండా పోవచ్చు గాని, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. పడకగదిలోది వేరు, హాల్లోది వేరు. రెండింటికీ మూలం దాదాపు తిరగేసినట్టుగా ఉంటుంది.

పడకగది సంగతి ముందు. మనం బజార్లో కొనే చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావాటిలో గోడ దాకా వెళ్లే తీగలో రెండు వైర్లే ఉంటాయి, ఫేజ్ (కరెంటు వచ్చేది), న్యూట్రల్ (తిరిగి వెళ్లేది). బాక్సుకు పైన లావు రంధ్రం కనిపిస్తుంది కాబట్టి ఎర్త్ ఉందనుకుంటాం. లోపల ఆ ఎర్త్ రంధ్రాలన్నింటినీ ఒక ఇత్తడి పట్టీ కలుపుతుంది గాని, ఆ పట్టీ నుంచి గోడకు వైరే ఉండదు. ఆ పట్టీ గాల్లో ఉన్నట్టే లెక్క. ఇప్పుడు అదే బాక్సులో మూడు పిన్నుల లాప్‌టాప్ అడాప్టర్‌నో, కంప్యూటర్‌నో పెట్టారనుకోండి. వాటి లోపల విద్యుత్ రొదను ఆపడానికి చిన్న కెపాసిటర్లు (ఏసీ కరెంటును కొద్దిగా దాటనిచ్చే భాగాలు) ఉంటాయి, ఫేజ్ నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి. ఎర్త్ నిజంగా ఉంటే వాటి నుంచి కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ రెండు కెపాసిటర్లూ 230 వోల్టులను సగానికి పంచి, ఆ ఇత్తడి పట్టీ మీద దాదాపు 115 వోల్టులు నిలబెడతాయి. మీ అమ్మగారి షీట్ ఆ పట్టీకే తగిలి ఉంది.

ఆవిడ చెక్క మంచం మీద కదలకుండా పడుకున్నంతసేపు పెద్దగా తెలియదు, ఎందుకంటే అవతలి కొస లేదు. నేల మీద కాలు మోపగానే దారి పూర్తయింది. పాప నేల మీద నిలబడి చెయ్యి నిమిరింది కాబట్టి అక్కడా దారి పూర్తయింది. వోల్టేజీ ఉన్న చర్మం మీద వేలిని తేలిగ్గా జరిపితే గరుకుగా, సన్నగా వణుకుతున్నట్టు తగులుతుంది. గట్టిగా పట్టుకుంటే అది తెలియదు. ఇదంతా అమ్మగారి అనుమానమని ఇంట్లో ఎవరైనా అని ఉంటే, కాదని చెప్పండి. పాప ఉన్నదే చెప్పింది.

ఒక్క అడాప్టర్ నుంచి ఇలా కారే కరెంటు చిన్నదే. కెపాసిటర్ 2.2 నానోఫారడ్‌లది అనుకుంటే ఒక్కోదాని గుండా సుమారు 0.16 మిల్లీ ఆంపియర్లు. కానీ అదే బాక్సులో టీవీ, మానిటర్, కంప్యూటర్ కూడా పెడితే అన్నీ కలుస్తాయి. మామూలుగా మనిషికి అర మిల్లీ ఆంపియర్ నుంచి ఒకటి దగ్గర చిమచిమ తెలుస్తుంది. వేలి కొసలాంటి చిన్న చోట తగిలితే అంతకన్నా ముందే తెలియొచ్చు. ఈ స్థాయి ప్రాణం మీదికి రాదు. నా భయం దాని గురించి కాదు. ఆ బాక్సులో పెట్టిన ఏదో ఒక వస్తువులో రేపు ఫేజ్ వైరు ఊడి ఎర్త్‌కు తగిలితే, అది పోవడానికి భూమి లేదు, ఫ్యూజూ పోదు. నేరుగా షీట్ మీదికి 230 వోల్టులు వస్తాయి.

స్విచ్ ఆపినా ఎందుకు తగ్గలేదంటే, మన స్విచ్‌లు ఫేజ్‌ను మాత్రమే తెంపుతాయి. ఎర్త్ పిన్నుకు స్విచ్ ఉండదు, ఉండకూడదు కూడా. మీరు షీట్ ఉన్న సాకెట్ స్విచ్ ఆపారు, పక్క సాకెట్లో అడాప్టర్ నడుస్తూనే ఉంది, ఎర్త్ పట్టీ రెండింటికీ ఒకటే. నమ్మకం కుదరాలంటే బాక్సు స్క్రూలు విప్పి చూడండి, గోడ నుంచి బాక్సు ప్లగ్ తీసేశాకే సుమా. లోపలికి వచ్చే తీగలో ఆకుపచ్చ వైరు కనిపించకపోతే నేను చెప్పినదే.

ఇక హాల్లో మీ లాప్‌టాప్. ఇక్కడ గోడ సాకెట్లో ఎర్త్ బహుశా బాగానే ఉంది, బాగా ఉండటం వల్లే మీకు జివ్వుమంటోంది. మీ చార్జర్ రెండు పిన్నులది, లాప్‌టాప్ ఒళ్లు లోహంతో చేసింది. రెండు పిన్నుల చార్జర్లలో కరెంటు వైపుకీ, బయటికి వచ్చే తీగకీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కొద్దిగా కారి లాప్‌టాప్ లోహం మీద వోల్టేజీ నిలుస్తుంది. మామూలుగా చెప్పులేసుకుని, చెక్క కుర్చీలో కూర్చుంటే అది మీకు తగలదు. మ్యాట్ మీద కాళ్లు పెట్టారు కాబట్టి మీరే ఎర్త్ అయ్యారు. లాప్‌టాప్‌లో నిలిచిన ఆ కాస్త కరెంటు మీ మణికట్టు నుంచి పాదాల గుండా మ్యాట్‌లోకి దిగుతోంది. ఇలాంటి అడాప్టర్ల నుంచి కారే కరెంటుకు ప్రమాణాల్లో ఒక హద్దు ఉంది. మంచి చార్జర్ ఆ హద్దు లోపలే ఉంటుంది. పేరులేని చవక చార్జర్ల గురించి నేను హామీ ఇవ్వలేను.

దీన్ని తేల్చుకోవడం తేలిక. చార్జర్ ప్లగ్ తీసేసి బ్యాటరీ మీద పనిచేయండి, కాళ్లు మ్యాట్ మీదే ఉంచండి. జివ్వు ఆగిపోతే తప్పు మ్యాట్‌ది కాదు, చార్జర్‌ది. లాప్‌టాప్ కంపెనీదే మూడు పిన్నుల తీగ దొరికితే అది మార్చండి, కారే కరెంటుకు వేరే దారి దొరుకుతుంది. దొరక్కపోతే చార్జింగ్‌లో ఉన్నంతసేపు కాళ్లు మ్యాట్ మీంచి తీసేయండి. చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌కూ ఇదే వర్తిస్తుంది. మ్యాట్ తీగలో ఇంకా పెద్ద రెసిస్టర్ (కరెంటును కట్టడి చేసే భాగం) పెట్టుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. అది పనిచేయదు. ఆ చిన్న కెపాసిటరే 50 సైకిళ్ల దగ్గర ఒకటి నుంచి మూడు మెగా ఓంల అడ్డుగా ఉంటుంది. దాని ముందు 100 కిలో ఓంలు కలిపినా తేడా కనిపించదు.

అలాగని రెసిస్టర్ అక్కర్లేదని కాదు. తప్పకుండా ఉండాలి, కానీ దాని పని వేరు. సాకెట్ ఎర్త్ పొరపాటున ఫేజ్ అయినా, మీరు ఏదైనా షాక్ కొట్టే వస్తువు పట్టుకున్నా, మీ ఒంటి గుండా పారే కరెంటును కట్టడి చేయడానికి అది ఉంటుంది. చాలా ఎర్తింగ్ తీగల్లో 100 కిలో ఓంలది పెడతారు. అమెరికాలో 120 వోల్టుల దగ్గర అది కరెంటును 1.2 మిల్లీ ఆంపియర్లకు ఆపుతుంది, మన 230 వోల్టుల దగ్గర 2.3కు. బాగా తెలుస్తుంది గాని, పట్టు విడిపించుకోలేని 10 మిల్లీ ఆంపియర్ల స్థాయికి దూరం. ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్లు మణికట్టుకు కట్టుకునే పట్టీలో 1 మెగా ఓం ఉంటుంది, మనకు అదే మేలు.

మీ విషయంలో నాకు టెన్షన్ పెట్టింది ఇక్కడే. ఆ రెసిస్టర్ కొన్ని తీగల్లో షీట్‌కు నొక్కే ప్రెస్ బటన్ దగ్గర ఉంటుంది, కొన్నింట్లో ప్లగ్ లోపలే పోతపోసి ఉంటుంది. మీ ఎలక్ట్రీషియన్ అమెరికా ప్లగ్ కోసేశాడన్నారు. ప్లగ్‌తోపాటు రెసిస్టర్ కూడా పోయి ఉండొచ్చు. తీగను సాకెట్ నుంచీ షీట్ నుంచీ విడదీసి, మల్టీమీటర్‌ను ఓంలలో పెట్టి, ప్రెస్ బటన్‌కూ ప్లగ్ ఎర్త్ పిన్నుకూ మధ్య కొలవండి. 100 కిలో ఓంలో, 1 మెగా ఓమో చూపించాలి. సున్నా దగ్గర చూపిస్తే ఆ తీగను మళ్లీ వాడకండి. అదే ప్లగ్ మూత విప్పి, వైరు లావు పిన్నుకే బిగించి ఉందో లేదో కూడా చూడండి. పొరపాటున పక్క పిన్నుకు బిగించినవి నేను చూశాను.

ఇది చదివే మరెవరికైనా ఒంటి పిన్నుతో వచ్చిన తీగ ఉంటే, దాన్ని సాకెట్లోకి నేరుగా గుచ్చకండి. మన 5 ఆంపియర్ల సాకెట్లో ఎర్త్ రంధ్రం 7 మిల్లీమీటర్ల పైచిలుకు పిన్నుకు చేసింది. సన్నని పిన్ను అందులో వదులుగా ఆడుతూ తగిలీ తగలనట్టు ఉంటుంది. పైగా అదే పిన్ను చీకట్లో ఫేజ్ రంధ్రంలోనూ దూరుతుంది.

టెస్టర్ సంగతికి వస్తాను. మీ ఎలక్ట్రీషియన్ అబద్ధం చెప్పలేదు, కానీ టెస్టర్ చెప్పగలిగింది చాలా తక్కువ. ఎర్త్ రంధ్రంలో పెడితే వెలగలేదంటే అక్కడ పెద్ద వోల్టేజీ లేదని మాత్రమే అర్థం. ఎర్త్ వైరు గోడలో తెగిపోయి ఖాళీగా ఉన్నా వెలగదు. ఎర్త్ ఉందని తెలుసుకోవడానికి కొలవాలి.

మల్టీమీటర్ వాడటం అలవాటున్నవాళ్లు ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి మూడు కొలతలు తీయొచ్చు. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత తీయించండి, సాకెట్లో పుల్లలు పెట్టి నేర్చుకునే పని కాదిది. ఎర్త్ పైకి ఉన్నట్టు సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 అటూ ఇటూ. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏ 120, 150 దగ్గరో చూపించి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వంద దాకా ఉంటే ఎర్త్ తెగినట్టే. మీ ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇలాంటి అంకెలే వస్తాయని నా అంచనా.

న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కచ్చితంగా సున్నా చూపిస్తే సంతోషపడకండి. అదే లైన్ మీద ఇస్త్రీపెట్టె పెట్టి మళ్లీ కొలవండి. లోడ్ పడ్డప్పుడు న్యూట్రల్ కాస్త పైకి లేవాలి, వోల్టో రెండో. కదలకుండా సున్నా దగ్గరే ఉంటే, సాకెట్ వెనక ఎవరో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ముక్క వైరుతో కలిపేశారని అనుమానించాలి. యూపీఎస్ మీద ఎర్త్ లేదని ఎర్ర లైటు వెలుగుతుంటే దాన్ని ఆర్పడానికి ఇలా చేస్తారు. అది ఘోరమైన పని. వీధిలో న్యూట్రల్ తెగిన రోజు ఇంట్లోని ఫ్యాన్లు, లైట్ల గుండా ఫేజ్ వచ్చి ఆ ఎర్త్ పిన్ను మీద కూర్చుంటుంది. ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషిన్, మీ అమ్మగారి షీట్ అన్నీ ఒకేసారి షాక్ కొడతాయి. ముక్క వైరు కనిపిస్తే ఆ రోజే తీయించండి.

డిజిటల్ మీటర్‌తో ఒక చిక్కుంది. ఎక్కడో తుప్పు పట్టి వెంట్రుకవాసి మాత్రమే తగులుతున్న ఎర్త్ కూడా ఆ మీటర్‌కు 230 చూపించగలదు. అందుకే పాతకాలం వాళ్లు ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, పూర్తి వెలుగు వస్తుందో లేదో చూస్తారు. మంచి పరీక్షే గాని, ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా ఇంట్లోని ఎర్త్ లైన్ అంతటికీ ఫేజ్ పాకుతుంది. వస్తువులన్నీ ప్లగ్గులు తీసి, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా, తెలిసిన ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి. ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారిలో కారితే లైన్ తెంపే స్విచ్) ఉన్న ఇంట్లో ఎర్త్ బాగుంటే బల్బు పెట్టగానే అది ట్రిప్ అవుతుంది. అన్నిటికన్నా సరైనది ఎర్త్ టెస్టర్ అనే మీటర్ తెప్పించి, ఇంటి ఎర్త్ పైపు పాతిన గొయ్యి దగ్గర ఓంలు కొలిపించడం. ఇళ్లకు నేను 5 ఓంల లోపు రావాలని చూస్తాను.

గొయ్యి అన్నాను కాబట్టి ఒక ఇంటి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట, ఏప్రిల్‌లో, నన్ను పిలిచారు. పెద్దావిడకు ఇలాంటి షీటే కొన్నారు. రోజంతా బాగానే ఉంటుంది, పొద్దున ఆరు, ఏడు మధ్య మాత్రం ఒళ్లంతా జివ్వుమంటుంది. ఇంట్లోవాళ్లు ఆవిడ నరాల బలహీనత అనుకున్నారు. నేను ఎర్త్ వైరుకూ తడి నేలకూ మధ్య మీటర్ పెట్టి, స్నానాలకు గీజర్ వేయమన్నాను. వేసిన నిమిషంలో 60 వోల్టులు వచ్చింది. గీజర్ ఎలిమెంట్ పగిలి కరెంటు ఎర్త్‌లోకి కారుతోంది. ఎర్త్ గొయ్యిలో రెండు వేసవులుగా చుక్క నీళ్లు పోయలేదు, పైపుకు బిగించిన క్లాంప్ తుప్పుపట్టి ఊగుతోంది. భూమిలోకి పోవాల్సిన కరెంటు పోలేక ఇంటి ఎర్త్ వైరునంతా పైకి లేపింది. ఎర్త్ నిరోధం 100 ఓంలుంటే 0.6 ఆంపియర్ కారినా 60 వోల్టులే. అంత చిన్న కరెంటుకు ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే ఆగిపోయే స్విచ్) కదలదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మొదటి రోజే పడిపోయేది, ఆ ఇంట్లో లేదు. షీట్ తీసేసి ఊరుకుని ఉంటే అదే వోల్టేజీ స్నానాల గది కుళాయిలో, తడి ఒంటికి తగిలేది. ఆ ఇంటి గురించి ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి మీ షీట్ తిమ్మిరి గడియారం పట్టుకుని గమనించండి. గీజర్, బోరు మోటార్, వాషింగ్ మెషిన్, ఇస్త్రీపెట్టె నడిచే వేళలకూ దానికీ పొంతన ఉంటే ఆ వస్తువును ముందు ఆపి మెకానిక్‌కు చూపించండి. ఎర్త్ గొయ్యికి వేసవిలో వారానికొకసారైనా రెండు బిందెల నీళ్లు పోయండి. నల్లరేగడి నేల ఎండాకాలం నెర్రెలు విచ్చి పైపును వదిలేస్తుంది. తెలంగాణలో రాతి నేలలున్న చోట మామూలు పైపుకు 5 ఓంలు రావడమే కష్టం, ఇంకో గొయ్యి తీసి రెండూ కలపాల్సి రావొచ్చు. అపార్ట్‌మెంట్లలో గొయ్యి పార్కింగ్‌లో టైల్స్ కింద పూడిపోయి ఉంటుంది, అసోసియేషన్ వాళ్లను అడిగి తెరిపించండి.

సాకెట్‌ను నమ్మలేక పెరట్లో విడిగా ఇనుప కడ్డీ పాతి షీట్‌ను దానికి కలిపేవాళ్లున్నారు. పల్లెల్లో అయితే ఇంకా జాగ్రత్త. న్యూట్రల్ సరిగ్గా రానిచోట కడ్డీ పాతి దాన్నే న్యూట్రల్‌గా వాడుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. 20 ఓంల కడ్డీలో 2 ఆంపియర్లు పారితే దాని మీద, చుట్టూ ఉన్న నేలలో 40 వోల్టుల దాకా ఉంటుంది. మీ కడ్డీ దాని పక్కనే పడితే ఆ వోల్టేజీని మంచం మీదికి తెచ్చుకున్నట్టే. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ఏ షీటైనా, ఏ మ్యాటైనా తీసి పక్కన పెట్టాల్సిందే.

టప్పున ఒక్కసారి చురుక్కుమని ఆగిపోతే అది స్టాటిక్. చలికాలం గాలి పొడిగా ఉండి, పాలిస్టర్ దుప్పటి కప్పుకున్నప్పుడు వస్తుంది. దానికి భయపడక్కర్లేదు.

ప్లగ్ తీసేశాక కూడా అమ్మగారి కాళ్లలో తిమ్మిరి ఉంటే అది కరెంటు కాదు. మూడు రాత్రులు షీట్ లేకుండా చూడండి. అయినా అరికాళ్లు మంటగా, మొద్దుబారినట్టు ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి షుగర్, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ వయసులో నరాల తిమ్మిరికి ఇవి మామూలు కారణాలు. ఆవిడకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగకుండా షీట్ వేయకండి.

షీట్ పనిచేస్తుందా అని కూడా అడిగారు. మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని చెప్పేంత గట్టి ఆధారం లేదు, ఉన్నవి చిన్న చిన్న అధ్యయనాలే. మీటర్‌తో ఒంటి మీది వోల్టేజీ తగ్గినట్టు చూపించే వీడియోలు నిజమే. కానీ వోల్టేజీ తగ్గడం, మేలు జరగడం ఒకటి కాదు. గోడల్లోని వైర్ల నుంచి గాలి గుండా ఒంటిలోకి వచ్చే మైక్రో ఆంపియర్ల కరెంటు, ఎర్త్ అయ్యాక తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. నా తల్లికైతే నేను ఆ డబ్బుతో ఫిజియోథెరపీ చేయిస్తాను. తమ్ముడు ప్రేమగా పంపాడు, అమ్మగారికి దాని మీద నమ్మకం ఉంది, కాదనడం మీకు కష్టమే. ఎర్త్ సరిచేసి, రెసిస్టర్ ఉన్న తీగతో, నేరుగా గోడ సాకెట్‌కు కలిపి వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు డీబీలో (మెయిన్ స్విచ్‌లుండే పెట్టెలో) ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి, ఉంటే దాని మీది టెస్ట్ బటన్ మీ ముందే నొక్కి చూపించమనండి. లేకపోతే షీట్ సంగతి ఎలా ఉన్నా ముందు అది పెట్టించండి. తర్వాత పడకగది గోడ సాకెట్లో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో, హాల్ సాకెట్లో ఆ మూడు కొలతలూ తీసి, తీగ ఓంలు కూడా కలిపి ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.